ఒకే ఆర్డరులో కొన్ని మగ్‌లు పాలిపోయాయి, కొన్ని మాడిపోయాయి: కారణం చెప్పగలరా?

బ్రాడీపేట కానుకలు (గుంటూరు), ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇంటి ముందు గదిలో చిన్న కానుకల దుకాణం పెట్టి ఏడు నెలలైంది. సబ్లిమేషన్ మగ్‌లు, టీ షర్టులు, ఫోటో పలకలు చేస్తాను, అంటే ప్రత్యేక ఇంకుతో కాగితం మీద ముద్రించిన బొమ్మను వేడి ప్రెస్‌తో వాటి మీదకు ఎక్కిస్తాను. ఇంకు ట్యాంకు ప్రింటర్, ఒక మగ్ ప్రెస్, 15 అంగుళాల చదరపు హీట్ ప్రెస్ ఉన్నాయి.

ఇన్నాళ్లూ రోజుకు రెండో మూడో మగ్‌లు చేసేదాన్ని, ఇబ్బంది రాలేదు. ఇప్పుడు ఒక ప్రధానోపాధ్యాయురాలి పదవీ విరమణ సభకు 80 మగ్‌ల ఆర్డరు వచ్చింది. ఆమె పాత విద్యార్థులు డబ్బులు పోగుచేసి చేయిస్తున్నారు. సభ వచ్చే ఆదివారం. శుక్రవారం సాయంత్రం కూర్చుని 30 చేస్తే 17 పనికిరాకుండా పోయాయి. కొన్నింటిలో ఫోటో ఎండకు వెలిసినట్టుంది. కొన్నింటిలో ఆమె జుట్టు నల్లగా రావలసింది గోధుమ రంగులో వచ్చింది. దాదాపు అన్నింటిలోనూ అడుగున వేలెడు మేర రంగు సరిగా ఎక్కలేదు.

అదే ఇంకు, అదే కాగితం, ఒకే పెట్టెలోని మగ్‌లు. 180 డిగ్రీలు, 180 సెకన్లు పెట్టాను, మధ్యలో ఏమీ మార్చలేదు. ఇంకు అమ్మినవారిని అడిగితే కాగితం మార్చమన్నారు, కాగితం అమ్మినవారు ఇంకు మార్చమన్నారు. నా దగ్గర ఇంకా రెండు సార్లు పొరపాటు చేసేంత డబ్బు లేదు. నిజమైన కారణం తెలుసుకోవాలని ఉంది.

ఇంకొకటి. అదే సభకు 12 తెల్ల టీ షర్టులు కూడా ఉన్నాయి. రెండు చేసి చూస్తే వాటి మీద అక్కడక్కడ సన్నని నీలం చుక్కలు, గీతలు వచ్చాయి.

---

తెనాలి జెర్సీలు, ఆదివారం రాత్రి 10:41

నీలం గీతలకు జవాబు నా దగ్గర ఉంది. అవి దారపు పోగులు. ఆ గదిలో కుట్టు మిషను గాని, బట్టల బీరువా గాని ఉందా?

---

బ్రాడీపేట కానుకలు, ఆదివారం రాత్రి 10:44

ఉందండి. అమ్మ అదే గదిలో జాకెట్లు కుడుతుంది. అది కారణమవుతుందని అనుకోలేదు.

---

తెనాలి జెర్సీలు, ఆదివారం రాత్రి 11:05

అదే కారణం. కంటికి కనబడనంత సన్నని రంగు పోగు ఒకటి తెల్ల బట్ట మీద పడి ఉంటుంది. 200 డిగ్రీల ప్రెస్ దాని మీద దిగగానే ఆ పోగులోని రంగు ఆవిరై పాలిస్టరులోకి దిగిపోతుంది. ఇక ఉతికినా పోదు. గీతను భూతద్దంతో చూడండి, వంకర తిరిగిన వెంట్రుకలా ఉంటే పోగేనని నమ్మవచ్చు.

నేను క్రికెట్ జెర్సీలు, కబడ్డీ జెర్సీలు చేస్తాను. ప్రతి జెర్సీనీ జిగురు రోలరుతో రెండు వైపులా తుడుస్తాను, కాగితాన్ని కూడా ఒకసారి. తర్వాత ఖాళీ ప్రెస్ కింద 8 సెకన్లు ఉంచి తేమ తీసి, మళ్లీ ఒకసారి రోలర్ తిప్పుతాను. వేడి తగిలాక కొత్త పోగులు పైకి తేలతాయి. రోలర్ కాగితం పొర నిండగానే చింపేయాలి. దాని దగ్గర పొదుపు చేస్తే బట్ట పోతుంది.

అమ్మగారు కుట్టని వేళ చూసుకుని టీ షర్టులు చేయండి. ఫ్యాను ఆపేయండి. గది ఊడ్చిన వెంటనే చేయవద్దు, దుమ్ము అణగడానికి అరగంట ఇవ్వండి.

మగ్‌ల సంగతి నాకంటే తెలిసినవారు చెబుతారు.

---

వన్‌టౌన్ పాతకాపు (విజయవాడ), సోమవారం ఉదయం 6:15

అమ్మా, ఇంకూ మార్చవద్దు, కాగితమూ మార్చవద్దు. ముందు ఒక పని చేయి. ఆ 30 మగ్‌లలో ఏది ముందు చేశావో, ఏది తర్వాత చేశావో గుర్తుందా? ఉంటే చేసిన వరుసలోనే బల్ల మీద పేర్చి ఫోటో పెట్టు. దాన్ని చూశాకే మాట్లాడుకుందాం.

---

బ్రాడీపేట కానుకలు, సోమవారం ఉదయం 8:30

గుర్తుందండి. చేసినవి చేసినట్టే వరుసగా పెట్టెలో సర్దాను. ఇప్పుడు బల్ల మీద పేర్చాను, ఫోటో జతచేశాను.

పేర్చగానే నాకే కనబడింది. మొదటి అయిదూ పాలిపోయాయి. ఆరు నుంచి పద్దెనిమిది వరకు బాగున్నాయి. పంతొమ్మిదో మగ్ నుంచి నలుపు మెల్లగా గోధుమ రంగుకు తిరిగింది. చివరి నాలుగింటిలో చీర అంచు ఎరుపు కూడా ఇటుక రంగులోకి పోయింది.

---

వన్‌టౌన్ పాతకాపు, సోమవారం ఉదయం 8:52

ఇది ఇంకు తప్పయితే ముప్పయ్యీ ఒకేలా చెడాలి. వరుసలో మారుతోందంటే మారుతున్నది వేడే.

ప్రెస్ అద్దంలో కనబడే 180 అనే అంకె మగ్ వేడి కాదు. వేడి పుట్టించే కాయిల్ పక్కన ఎక్కడో కూర్చున్న చిన్న సెన్సార్ చెప్పే మాట అది. మగ్ ప్రెస్‌లో కాయిల్‌కీ మగ్‌కీ మధ్య మందపాటి సిలికాన్ రబ్బరు పట్టీ ఉంటుంది. పని మొదలుపెట్టినప్పుడు ఆ రబ్బరు చల్లగా ఉంటుంది, లోపల పెట్టిన మగ్ ఇంకా చల్లగా ఉంటుంది. అంకె 180 చూపిస్తుంది కానీ మగ్ పైపూతకు అంత వేడి చేరదు. అందుకే మొదటివి పాలిపోయాయి. ఇరవై మగ్‌లు ఆపకుండా చేస్తే రబ్బరు, చుట్టూ ఉన్న ఇనుప పట్టీ అన్నీ కాగి వేడిని పట్టుకుని ఉంటాయి. అప్పుడు అదే 180 సెకన్లు ఎక్కువైపోతాయి. ఎక్కువైతే ముందుగా చెడేది నలుపు, అది గోధుమ రంగుకు తిరుగుతుంది.

రోజుకు మూడు మగ్‌లు చేసినన్నాళ్లూ నీకు ఇది కనబడలేదు. మూడూ ఒకే రకం వేడిలో అయిపోయేవి, బహుశా మూడూ కొద్దిగా పాలిపోయే ఉంటాయి. పక్కన పెట్టి పోల్చుకోవడానికి మంచిది ఒకటి లేక తెలిసి ఉండదు.

---

పటమట మరమ్మతు (విజయవాడ), సోమవారం ఉదయం 10:10

పాతకాపు గారు చెప్పినదానికి కరెంటు సంగతి ఒకటి కలుపుతాను. నేను ప్రింటర్లు, ప్రెస్‌లు బాగుచేస్తాను.

శుక్రవారం సాయంత్రం చేశానన్నారు. మీ వీధిలో సాయంత్రం వోల్టేజి ఎంత ఉంటుందో కొలిచారా? కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజితో నేరుగా తగ్గదు, వర్గంగా తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 100 పాళ్ల వేడి ఇచ్చే కాయిల్ 190 దగ్గర 68 పాళ్లే ఇస్తుంది. అంటే చల్లటి మగ్ పెట్టగానే పడిపోయిన వేడి తిరిగి లేవడానికి చాలాసేపు పడుతుంది. ఈలోగా టైమర్ నడిచిపోతూనే ఉంటుంది. కొన్ని యంత్రాలలో వేడి అనుకున్న చోటికి చేరాకే టైమర్ మొదలవుతుంది, కొన్నింటిలో మూయగానే మొదలవుతుంది. మీది ఏ రకమో చూసుకోండి.

కొలవడానికి ఎరుపు చుక్క పడే తుపాకీ లాంటి థర్మామీటరు కొనకండి. మెరిసే లోహం మీద అది తప్పు చెబుతుంది. పైగా ప్రెస్ మూసి ఉన్నప్పుడు లోపల చూడలేదు. మల్టీమీటరుకు తగిలించే కె రకం థర్మోకపుల్ తీగ తీసుకోండి, కొస తగిలిన చోట వేడి ఎంతో అది చెబుతుంది. దాని కొసను మగ్‌కూ కాగితానికీ మధ్య పెట్టి, వేడికి తట్టుకునే హీట్ టేపు అంటించి ప్రెస్ మూయండి. మగ్‌కు తగిలే వేడి ఎంతో అప్పుడు తెలుస్తుంది. పాడైన మగ్‌లు 17 ఉన్నాయి కదా, వాటి మీదే కొలవండి.

---

కర్పూరం (గుంటూరు), సోమవారం మధ్యాహ్నం 1:30

నేను రసాయనశాస్త్రం చెబుతాను, సెలవుల్లో సరదాగా పలకలు ముద్రిస్తాను. ఈ పనిలో వేడి ఎందుకు అంత ముఖ్యమో నాలుగు మాటలు రాస్తాను.

హారతి కర్పూరం పళ్లెంలో వదిలేస్తే కరగకుండానే తరిగిపోతుంది. ఘనపదార్థం ద్రవం కాకుండా నేరుగా వాయువు కావడాన్ని పాఠంలో ఉత్పతనం అంటాం, ఇంగ్లీషులో సబ్లిమేషన్ అంటే అదే. మన ఇంకులోని రంగు కూడా ఆ కోవలోదే. వేడికి అది వాయువవుతుంది. అదే వేడికి పాలిస్టరు పొర అణువుల మధ్య ఎడం పెరుగుతుంది. వాయువు ఆ సందుల్లోకి పోతుంది. చల్లారగానే సందులు మూసుకుని రంగు లోపలే చిక్కుకుపోతుంది. పెయింటు పైన కూర్చుంటుంది, ఇది పొరలోపల ఉంటుంది. చేత్తో తడిమితే ఏమీ తగలకపోవడానికి కారణం అదే.

వేడి తక్కువైతే రెండు నష్టాలు. రంగు పూర్తిగా ఆవిరి కాదు, ఆవిరైనదానికి సందులు తెరుచుకోవు. వాడిన కాగితం మీద ఇంకా ముదురు బొమ్మ మిగిలి ఉంటే అదే గుర్తు, బాగా దిగినప్పుడు కాగితం వెలవెలబోతుంది. వేడి మరీ ఎక్కువైతే ఒక్కో రంగు ఒక్కో రకంగా దెబ్బతింటుంది. నలుపు చాలా ఇంకుల్లో రంగుల మిశ్రమమే. అందులో ఒక పాలు తగ్గినా మిగిలినది బయటపడుతుంది.

నూలు బట్ట మీద ఎందుకు నిలవదో కూడా ఇందులోనే ఉంది. నూలులో ఆ సందులూ లేవు, రంగును పట్టి ఉంచే గుణమూ లేదు. ఒకటి రెండు ఉతుకులకు వెలిసిపోతుంది. మగ్‌కైనా పింగాణీ రంగును పట్టుకోదు. దాని మీద వేసిన పాలిమర్ పూత పట్టుకుంటుంది. పూత లేని మగ్ ఎంత తెల్లగా ఉన్నా పనికిరాదు.

---

సింగ్‌నగర్ స్క్రీన్ (విజయవాడ), సోమవారం సాయంత్రం 7:45

వేడి గురించి పెద్దలు చెప్పారు. నేను తేమ గురించి చెబుతాను, నాకు దాని దెబ్బ తెలుసు.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు దుకాణంలో నడుము లోతు నిలిచాయి. స్క్రీన్ ఫ్రేములు కడిగితే పనికొచ్చాయి. అటక మీద పెట్టిన సబ్లిమేషన్ కాగితం కట్టలు మాత్రం నీళ్లు తగలకపోయినా వారం పాటు ఆ చెమ్మలోనే ఉన్నాయి. ఎండబెట్టి వాడుకోవచ్చనుకున్నాను. పైకి చూస్తే కాగితం మామూలుగానే ఉంది. ముద్రించి ప్రెస్ కింద పెడితే బొమ్మ నిండా మబ్బు పట్టినట్టు మచ్చలు. అంచులన్నీ పాకిపోయాయి. కాగితం మీది పూత తేమకు పాడైపోయింది. ఎంత ఎండబెట్టినా అది తిరిగి రాదు. ఉన్నదంతా తూకానికి వేశాను.

అప్పటి నుంచి కట్ట విప్పగానే జిప్ కవరులో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. ఆ రోజుకు కావలసినన్ని కాగితాలే బయటికి తీస్తాను. ముద్రించాక వెంటనే ప్రెస్ చేయను, అయిదు పది నిమిషాలు ఆరనిస్తాను. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లం, ఆషాఢం మొదలైతే గాలిలోనే నీళ్లుంటాయి. మీ గుంటూరులోనూ వానాకాలంలో అంతే. మీ మగ్‌లు ఎక్కడ పెడుతున్నారు? గచ్చు మీదనా?

---

బ్రాడీపేట కానుకలు, సోమవారం రాత్రి 9:10

అవునండి, గచ్చు మీదే, గోడవార. కాగితం కూడా విప్పిన కట్ట విప్పినట్టే ప్రింటర్ వెనక ఉంది. ఇవాళే మారుస్తాను.

థర్మోకపుల్ తీగ తెప్పిస్తున్నాను, రేపు వస్తుంది. ఇవాళ సాయంత్రం 7 గంటలకు పక్కింటి అన్నయ్య మీటరుతో వోల్టేజి చూశారు. 194 ఉంది. ఉదయం 6 గంటలకు ఎంత ఉంటుందో రేపు చూస్తాను.

---

అరండల్‌పేట అక్షరం (గుంటూరు), మంగళవారం ఉదయం 9:25

మీరు పెట్టిన ఫోటోలో మగ్ మీద అక్షరాలు చూశాను. ఆ పక్క కూడా కొంచెం పట్టించుకోవాలి. నేను ముప్పై ఏళ్లుగా తెలుగు అక్షరాలు కూర్చుతున్నాను.

మీరు వాడిన ఖతిలో (ఫాంటులో) వత్తులు మరీ సన్నగా ఉన్నాయి. సబ్లిమేషన్‌లో రంగు వాయువై దిగుతుంది కాబట్టి ప్రతి గీతా వెంట్రుకవాసి పక్కకు పాకుతుంది. ఇంగ్లీషు అక్షరానికి అది పెద్దగా తెలియదు. మనకు అలా కాదు. ‘శ్రీ’లో రావత్తు, ‘ఉపాధ్యాయురాలు’లో యావత్తు చూడండి, లోపలి ఖాళీలు పూడిపోయాయి. పది అడుగుల దూరం నుంచి ఒక ముద్దలా కనబడుతుంది. ఆమె జీవితమంతా పిల్లలకు ఈ అక్షరాలే దిద్దించి ఉంటారు. ఆమె చేతిలో పెట్టే మగ్ మీద వత్తు పూడిపోకూడదు.

ఖతి కొంచెం పెద్దది చేయండి, కడుపు విశాలంగా ఉన్న ఖతి ఎంచుకోండి. తలకట్టుకూ గుడికీ మధ్య గాలి ఆడాలి. అక్షరాలు కూర్చడం అయ్యాక వాటిని గీతలుగా మార్చి భద్రపరచండి, లేకపోతే వేరే కంప్యూటరులో తెరిచినప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. అద్దంలో బొమ్మలా తిప్పడం మీకు అలవాటే అయి ఉంటుంది. నేను మాత్రం ముద్రించిన ప్రతి కాగితాన్నీ చిన్న అద్దం ముందు పెట్టి చదివిగానీ పంపను.

ఫోటో వాట్సాప్‌లో వచ్చిందా? ముఖం గళ్లు గళ్లుగా ఉంది. అసలు ఫోటోను డాక్యుమెంటుగా పంపమని అడగండి. అసలు కొలతకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలి.

---

బ్రాడీపేట కానుకలు, మంగళవారం ఉదయం 9:40

వాట్సాప్‌దేనండి. అసలు ఫోటో అడిగాను. వత్తుల సంగతి మీరు చెప్పేదాకా నేను చూడలేదు. ఇప్పుడు ఆ మగ్ చేతిలో పట్టుకుంటే అదొక్కటే కనబడుతోంది.

---

పటమట మరమ్మతు, మంగళవారం ఉదయం 11:00

రంగుల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఫోటోలో ముఖం కొంచెం ఎర్రగా ఉంది. ఇంకు అమ్మినవారు ఐసీసీ ప్రొఫైల్ ఫైలు, అంటే ఆ ఇంకుకు తగినట్టు రంగులను సరిచేసే ఫైలు, ఇచ్చారా? ఇచ్చి ఉంటే, దాన్ని బొమ్మ తయారుచేసే సాఫ్ట్‌వేరులో పెట్టుకుని ప్రింటర్ అమరికల్లో రంగుల సర్దుబాటును పూర్తిగా ఆపేయాలి. రెండు చోట్లా ఉంచితే రంగును రెండు సార్లు దిద్దినట్టవుతుంది. ముఖాలు ఎర్రబడటం, ఆకుపచ్చగా పాలిపోవడం ఎక్కువగా దీనివల్లే. కాగితం మీద బొమ్మ నిస్తేజంగా ఉందని ముదురు చేయకండి. కాగితం మీద ఎప్పుడూ అలాగే ఉంటుంది, వేడి తగిలాకే అసలు రంగు వస్తుంది.

రోజూ ఉదయం నాజిల్ పరీక్ష (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాల పరీక్ష) ఒకటి ముద్రించండి. ఒక గీత తెగి ఉన్నా ఆ రోజు ముఖాల రంగు మారిపోతుంది. ఎండాకాలంలో మరీ జాగ్రత్త. మే నెలలో మన దగ్గర గదిలోనే ఇంకు నాజిల్‌లో ఎండిపోతుంది. నా దగ్గరకు వచ్చే ప్రింటర్లలో ఎక్కువ భాగం వారం రోజులు ఊరెళ్లి వచ్చాక మూసుకుపోయినవే.

---

తెనాలి జెర్సీలు, మంగళవారం మధ్యాహ్నం 12:20

టీ షర్టుల బట్ట ఏమిటో ఎవరూ అడగలేదు. నూలు కలిసిందా?

---

బ్రాడీపేట కానుకలు, మంగళవారం మధ్యాహ్నం 12:32

పూర్తి పాలిస్టరే అన్నారు. అయినా అంచు నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్లతో కాల్చి చూశాను. కరిగి గట్టి పూసలా అయింది, కాగితం కాలిన వాసన రాలేదు.

---

తెనాలి జెర్సీలు, మంగళవారం మధ్యాహ్నం 12:35

సరైన పరీక్షే చేశారు. 195 డిగ్రీలు, 50 సెకన్లు, ఒత్తిడి మధ్యస్థంగా. కాగితం అంచును కత్తిరించకుండా చేత్తో చింపండి. అప్పుడు బట్ట మీద చదరపు గీత పడదు. కింద ఒక పొర, పైన ఒక పొర బటర్ పేపర్ వేయండి, లేకపోతే ఆవిరైన రంగు ప్రెస్‌కు అంటి తర్వాతి చొక్కా మీద దిగుతుంది. ప్రెస్ ఎత్తేటప్పుడు కాగితం రవ్వంత కదిలినా అక్షరం పక్కన ఇంకో నీడ అక్షరం వస్తుంది. నాలుగు వైపులా హీట్ టేపు వేయండి.

---

బ్రాడీపేట కానుకలు, బుధవారం రాత్రి 8:15

కొలిచాను. అంకెలన్నీ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయి.

ఉదయం 6 గంటలకు వోల్టేజి 228. చల్లటి ప్రెస్ వేసి, అద్దంలో 180 రాగానే చల్లటి మగ్ పెట్టి మూశాను. నా యంత్రంలో మూయగానే టైమర్ మొదలవుతోంది. తీగ కొస మగ్ నడుమున ఉంది. నిమిషం తర్వాత 121. రెండు నిమిషాలకు 149. మూడు నిమిషాలకు టైమర్ మోగేసరికి 163. అంటే నా మొదటి మగ్‌లు 180ని చూడనే లేదు.

తర్వాత పాడైన మగ్‌లతోనే ఆపకుండా ఇరవై సార్లు మూసి తీశాను. ఇరవయ్యో మగ్ ఒకటిన్నర నిమిషానికే 170 దాటింది. చివరికి 188కి పోయింది.

ఇరవయ్యొకటోసారి తీగ కొసను మగ్ అడుగుకు జరిపాను. నడుమున 188 వచ్చిన వేడికి అడుగున 161 మాత్రమే.

---

వన్‌టౌన్ పాతకాపు, బుధవారం రాత్రి 8:40

శభాష్ అమ్మా. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇంత ఓపికగా కొలిచినవాళ్లను ఒకరిద్దరినే చూశాను.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. ప్రెస్ వేసి, పాడైన మగ్ ఒకటి లోపల పెట్టి మూసి పావుగంట వదిలేయి. రబ్బరు లోపలి దాకా కాగాలి. చేయబోయే మగ్‌లను ముందే గచ్చు మీంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, ప్రెస్ దగ్గర బల్ల మీద పెట్టు. మొదటి మూడింటికి 180 సెకన్లు. తర్వాత 150. పది అయ్యాక అయిదు నిమిషాలు ప్రెస్ తెరిచి ఉంచు. నీ యంత్రానికి ఈ అంకెలు అటూ ఇటూ కావచ్చు, తీగ పెట్టి నువ్వే సరిచేసుకో. సాయంత్రం పని పెట్టుకోకు, తెల్లవారుజామున చేయి.

అడుగున వేడి చేరకపోవడం యంత్రం లోపం. కాయిల్ ఆ అంచు దాకా ఉండదు, దాన్ని నువ్వు మార్చలేవు. బొమ్మనే తగ్గించు. మగ్ ఎత్తు 9.5 సెంటీమీటర్లు ఉంటుంది కదా, బొమ్మ 8.3 దాటకుండా చేసి పైనా కిందా సమంగా వదిలేయి. చుట్టూ 20 సెంటీమీటర్లు మించితే పిడి పక్కన కూడా ఇదే గతి. పట్టీ బిగింపు కూడా చూడు. ప్రెస్ పిడి మూసేటప్పుడు అరచేతికి కాస్త బలం పట్టాలి, వదులుగా పడిపోతే ఒత్తిడి చాలదు.

తీయగానే కాగితం పీకి మగ్‌ను గోరువెచ్చని నీళ్లలో ముంచు. రంగు అక్కడితో ఆగిపోతుంది.

---

కర్పూరం, బుధవారం రాత్రి 9:30

చివరి మాటతో నేను ఏకీభవించలేను, పాతకాపు గారు మన్నించాలి. 170 డిగ్రీల పింగాణీని నీళ్లలో ముంచితే పైపొర ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, లోపలి పొర ఇంకా వ్యాకోచించే ఉంటుంది. సన్నని పగుళ్లు రావచ్చు. అవి ఆ రోజు కనబడవు. కాఫీ పోస్తూ ఉంటే కొన్నాళ్లకు గోధుమ రంగు గీతలై బయటపడతాయి. కాగితం వెంటనే తీసేస్తే రంగు రావడం అక్కడే ఆగిపోతుంది. చెక్క పలక మీద ఒకదానికొకటి తగలకుండా పెట్టి గాలికి చల్లారనిస్తే చాలు. చేతికి మందపాటి తొడుగు తప్పదు.

---

వన్‌టౌన్ పాతకాపు, బుధవారం రాత్రి 9:48

మీరు చెప్పిన సూత్రం కాదనను. నేను ముంచినవి ఇన్నేళ్లలో వేలల్లో ఉంటాయి, పగిలి తిరిగి వచ్చినవి లేవు. చన్నీళ్లలో మాత్రం నేనూ ముంచను. అమ్మాయి పాడైన వాటి మీద రెండు పద్ధతులూ చేసి చూసుకుంటుంది.

---

సింగ్‌నగర్ స్క్రీన్, బుధవారం రాత్రి 10:05

కిటికీలు తీసి చేయండి. ఇరవై మగ్‌లు వరసగా చేస్తే ఆ వాసన గది నిండిపోతుంది. అమ్మగారు అదే గదిలో కూర్చుంటారన్నారు. ప్రెస్‌ను కిటికీ పక్కకు మార్చండి.

---

బ్రాడీపేట కానుకలు, శనివారం మధ్యాహ్నం 3:50

80 మగ్‌లూ అయ్యాయి. గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టి ఎనిమిదింటికి ఆపాను, శుక్రవారం అలాగే, ఇవాళ మిగిలినవి. ఈసారి పాడైనవి మూడే. రెండింటిలో కాగితం వదులుగా చుట్టాను. ఒకటి బల్ల మీంచి జారి పగిలింది.

నా యంత్రానికి కుదిరిన లెక్క ఇది: పావుగంట ముందు వేడి, మొదటి నాలుగింటికి 190 సెకన్లు, తర్వాత 155. ఎనిమిదికి ఒకసారి ఆరు నిమిషాల విరామం. మగ్ నడుమున 172 నుంచి 178 మధ్య ఉంటోంది. జుట్టు నల్లగా వచ్చింది. చీర అంచు ఆమె కట్టుకున్న చీరలానే వచ్చిందని పాత విద్యార్థుల్లో ఒకరు చూసి చెప్పారు. బొమ్మ 8.2 సెంటీమీటర్లకు తగ్గించాను. ఖతి మార్చాను, వత్తులన్నీ విడివిడిగా కనబడుతున్నాయి.

ప్రతి మగ్ అడుగున పెన్సిలుతో వరుస సంఖ్య వేసి, ఏ సంఖ్యకు ఎంత వోల్టేజి, ఎన్ని సెకన్లు అన్నది పుస్తకంలో రాశాను. నీళ్ల సంగతి కూడా చూశాను. పాడైన వాటిలో రెండింటిని గోరువెచ్చని నీళ్లలో ముంచాను, రెండింటిని గాలికి వదిలాను. రంగులో నాకు తేడా కనబడలేదు. పగుళ్లు తెలియడానికి నాలుగింటిలోనూ రోజూ కాఫీ పోసి చూస్తాను. ఆర్డరు మగ్‌లను మాత్రం గాలికే వదిలాను.

టీ షర్టులు నిన్న అమ్మ గుడికి వెళ్లినప్పుడు చేశాను. నీలం గీత ఒక్కటీ లేదు.

---

అరండల్‌పేట అక్షరం, శనివారం సాయంత్రం 4:30

ఫోటో చూశాను. యావత్తు చక్కగా విడిగా ఉంది. ఒక్క సూచన. అవి ఇచ్చేటప్పుడు స్టీలు పీచుతో తోమవద్దని, ఎండ పడే కిటికీలో పెట్టవద్దని నాలుగు ముక్కలు కాగితం మీద రాసి పెట్టెలో వేయండి. ఈ రంగు ఎండకు వెలుస్తుంది, చాలామందికి అది తెలియదు.

---

పటమట మరమ్మతు, శనివారం సాయంత్రం 5:15

మిగిలిన పాడైన మగ్‌లు పారేయకండి. నెలకొకసారి తీగ పెట్టి కొలవండి. కాయిల్ పాతబడే కొద్దీ మీ లెక్క మారుతుంది.

---

బ్రాడీపేట కానుకలు, శనివారం సాయంత్రం 5:22

పారేయలేదండి. పన్నెండు అటక మీద ఉన్నాయి. ఒకటి ప్రెస్‌లోనే ఉంది, సోమవారం ఉదయం వేడికి.